కడియం మొక్కల బ్రోకరు: ఎక్కడ కావాలి, ఎక్కడ అక్కర్లేదు

పర్లాకిమిడి దగ్గర ఐదెకరాలుంది, మూడెకరాల్లో మామిడి, రెండెకరాల్లో జీడి వేస్తాను, రోడ్డు పక్కన చిన్న నర్సరీ కూడా పెడతాను, మొక్కలన్నీ రాజమండ్రి దగ్గరి కడియం నర్సరీల నుంచే తెప్పించాలి అని రాశారు. అసలు ప్రశ్న చివర్లో అడిగారు: "బ్రోకరు లేకుండా అక్కడ పని జరగదంటున్నారు. అటు రైతు దగ్గరా ఇటు మన దగ్గరా తింటాడట. నేరుగా కొనుక్కోలేమా?"

కొనుక్కోవచ్చు. కానీ అన్నీ కాదు. తోటలో వేసే పండ్ల మొక్కలు మీరే వెళ్లి, కళ్లతో చూసి కొనండి. నర్సరీలో అమ్మే పూల మొక్కలు, కుండీ మొక్కలు బ్రోకరుకి వదిలేయండి. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. మామిడి అంట్లు, అంటే టెంక మొలక మీద మంచి రకం పుల్ల అతికించి పెంచిన మొక్కలు, ఫోన్లో చెప్పి తెప్పించుకుంటారు, నాలుగు క్రోటన్లు ఏరుకోవడానికి మాత్రం రెండ్రోజులు కడియంలో తిరుగుతారు.

నేను బరంపురంలో ఇరవై ఏళ్లకు పైగా మొక్కల హోల్‌సేల్ చేస్తున్నాను. అందులో మొదటి ఆరేళ్లు నేనూ బ్రోకరునే, ఇటువైపు, అంటే ఒడిశా వైపు బ్రోకరుని. కాబట్టి ఆ జాతిని తిట్టను, అలాగని నెత్తికీ ఎత్తుకోను.

ముందు కడియం అంటే ఏమిటో తెలియాలి. మీరు ఊహించుకుంటున్నట్టు అది నాలుగు పెద్ద దుకాణాలున్న బజారు కాదు. హైవే పక్కన బోర్డులు, గేట్లు, ఫోటోలు దిగే వాళ్లతో పెద్ద నర్సరీలు కనిపిస్తాయి, నిజమే. అసలు సరుకు మాత్రం లోపల ఉంటుంది. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, జేగురుపాడు, వీరవరం, పొట్టిలంక, ఇలా ఊరూరా అరెకరం, ఎకరం కౌలుకి తీసుకుని మొక్కలు పెంచే వాళ్లు. ఒకాయన నూరువరహాలు తప్ప ఇంకోటి ముట్టడు. పక్కాయనవి అన్నీ అరెకా పామ్‌లు. ఇంకొకాయన ఏటా మామిడి టెంక పాతి, వచ్చిన మొలకకి అంట్లు కట్టి అమ్ముతాడు. వీళ్లకి బోర్డు ఉండదు, కొందరికి బిల్లు పుస్తకం కూడా ఉండదు. గోదావరి ఒండ్రు మట్టి, కాలవ నీళ్లు, అంటు కట్టే చేతులు, ఈ మూడే వాళ్ల పెట్టుబడి.

ఇప్పుడు మీ నర్సరీకి నలభై రకాల మొక్కలతో ఒక లారీ నిండాలి. రకానికి యాభై, వంద. ఆ నలభై రకాలు ఏ ఇరవై మంది దగ్గర ఉన్నాయో, ఎవరి దగ్గర ముదిరిపోయి ఉన్నాయో, ఎవరి దగ్గర నిన్ననే వేరే లారీకి ఎత్తేశారో మీకెలా తెలుస్తుంది? బ్రోకరు తలలో ఉండేది ఆ లెక్కే. పొద్దున్నే బండి మీద బయల్దేరి తోటలన్నీ ఒక చుట్టు తిరిగొస్తాడు. మధ్యాహ్నానికి సరుకు ఒక చోటికి చేరుతుంది, సాయంత్రం జట్టు కూలీలు వచ్చి ఎక్కిస్తారు. ఆ పని మీరే చేసుకుంటే మూడు రోజులు పడుతుంది, లాడ్జి ఖర్చు, ఆటో ఖర్చు, లారీ ఆగినందుకు వెయిటింగ్ ఛార్జీ కలిపితే కమీషన్‌ని మించిపోతుంది. నేను ఒకసారి పంతానికి పోయి చేసి చూశాను. మళ్లీ చేయలేదు.

తమాషా ఏమిటంటే, ఆ కుండీ మొక్కలు అన్నీ కడియంలో పుట్టినవీ కావు. కొన్ని బెంగాల్ నుంచి, కొన్ని పుణె వైపు నుంచి వచ్చి అక్కడ కొన్నాళ్లు నీడలో సేదతీరి మళ్లీ లారీ ఎక్కుతాయి. బెంగాల్ మొక్క మా బరంపురం మీదుగానే దక్షిణానికి దిగి, తిరిగి మా దగ్గరికే ఎక్కి వస్తుందన్నమాట. రెండు కిరాయిలూ మనవే.

ఇక తినడం సంగతి. దాచిపెట్టేదేం లేదు, చాలామంది రెండు వైపులా తీసుకుంటారు. మొక్క 30 రూపాయలకి రైతు ఒప్పుకున్నాడు అనుకుందాం. బ్రోకరు మీకు 36 చెప్తాడు. రైతు దగ్గర కూడా అమ్మి పెట్టినందుకు మొక్కకి రూపాయో రెండో పట్టుకుంటాడు. మీది పర్లాకిమిడి కాబట్టి ఇంకో మెట్టు కూడా ఉండొచ్చు. మన సరిహద్దు ఊళ్లలో, బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, ప్రతి చోటా తెలుగూ ఒడియా రెండూ వచ్చిన మనిషి ఒకడుంటాడు. ఒడియాలో ఆర్డరు తీసుకుని తెలుగులో కడియానికి ఫోన్ చేస్తాడు. ఆరేళ్లు నేను చేసింది అదే. ఆయన వాటా ఇంకో రెండు రూపాయలు. మీకు తెలుగు వచ్చు కాబట్టి ఈ రెండో మెట్టు మీకు అవసరమే లేదు. మీ ఊళ్లో ఎవరైనా "మా వాడు కడియంలో ఉన్నాడు, నేను తెప్పిస్తా" అంటే, నమస్కారం పెట్టి మీరే ఫోన్ చేసుకోండి.

కానీ ఆ ఆరు, ఎనిమిది రూపాయల దగ్గరే మనసు పెట్టుకోకండి. మీ తోట లెక్క వేద్దాం. మామిడి 5 మీటర్ల దూరంలో వేస్తే ఎకరానికి 160 చొప్పున మూడెకరాలకి 480. జీడి 7 మీటర్ల దూరంలో ఎకరానికి 80 చొప్పున రెండెకరాలకి 160. మొత్తం 640. మొక్కకి ఎనిమిది రూపాయలు ఎక్కువిచ్చారే అనుకోండి, అయిదు వేల పైచిలుకు. బాధే, కానీ ఒక్కసారి బాధ. రకం తప్పు వస్తే పోయేది నాలుగేళ్లు. ఆ లెక్క నాకు ఎలా తెలిసిందో చెప్తాను.

నేను బ్రోకరు పని చేస్తున్న రోజుల్లో హింజిలి వైపు ఒక రైతు 300 ఆమ్రపాలి అడిగాడు. చెట్టు పొట్టిగా ఉండి గుత్తులుగా కాసే రకం కాబట్టి దగ్గర దగ్గరగా వేసుకోవచ్చని ఒడిశాలో దానికి మంచి గిరాకీ. నేను కడియం వైపు ఒక బ్రోకరుకి చెప్పాను, ఆయన పంపాడు, నేను దింపాను, డబ్బులు చేతులు మారాయి. నాలుగో వేసవిలో ఆ రైతు నుంచి కబురొచ్చింది, తోటకి రమ్మని. వెళ్లాను. తిట్టలేదు. ఒక పండూ, కత్తీ చేతిలో పెట్టి, "తిని చెప్పండి, ఇది ఏం పండు" అన్నాడు. ముక్కు తిరిగిన కాయ, కోస్తే తోతాపురి. కొన్ని చెట్లు సరైనవే, కొన్ని తోతాపురి, కొన్ని అయితే అంటు కట్టని, నోట్లో పీచు తప్ప ఏమీ లేని టెంక మొక్కలు. నేను కడియం వెళ్లి నిలదీశాను. బ్రోకరు, "రైతు ఇచ్చింది ఎక్కించాను బావగారూ" అన్నాడు. రైతుని పట్టుకుంటే, "నా దగ్గర రెండొందలే ఉన్నాయండి, లారీ ఆగిపోతుందని మిగతావి పక్క తోటలోంచి తెచ్చి నింపాను" అన్నాడు. పక్క తోటాయన ఎక్కడ తెచ్చాడో ఎవరికీ తెలియదు. ముగ్గురిలో పూర్తి అబద్ధం చెప్పినవాడు ఒక్కడూ లేడు. తక్కువ పడినప్పుడు పక్కవాడి దగ్గర నింపడం ఆ వ్యాపారంలో రోజూ జరిగే పనే. క్రోటన్లలో దాని వల్ల నష్టం లేదు, ఆకు చూస్తే రకం తెలిసిపోతుంది. మామిడిలో అది నాలుగేళ్లకి గానీ బయటపడదు. అప్పటికి బ్రోకరు ఫోన్ నంబరు మారిపోయి ఉంటుంది. ఆ హింజిలి రైతుకి నేను సగం డబ్బు వెనక్కిచ్చాను. ఆ ఏడే బ్రోకరు పని మానేసి సొంత యార్డు పెట్టుకున్నాను.

భాష వల్ల వచ్చే తప్పు ఇంకోటుంది, అది మన సరిహద్దులోనే ఎక్కువ. ఒడియాలో "కలమి" అంటారు. అది విని ఇటువైపు బ్రోకరు తెలుగులో "అంటు" అని చెప్పేస్తాడు. కానీ వాళ్లలో గుటి కలమి వేరు, జోడ కలమి వేరు. మొదటిది కొమ్మ మీదే బెరడు తీసి, తడి నాచు కట్టి వేళ్లు పుట్టించేది. జామకీ నిమ్మకీ అలా చేస్తారు. రెండోది వేరే మొక్క మీద అతికించేది, మామిడికీ జీడికీ కావలసింది అదే. రాయగడ వైపు ఒక ఆర్డరులో జామ అంతా ఈ గందరగోళంతో తప్పు రావడం నేను చూశాను. మీరు మాట్లాడేటప్పుడు పేరు మీద ఆగకండి, "కింద మొక్క ఏది, పైన పుల్ల ఏ చెట్టుది" అని అడగండి.

ఆ ప్రశ్నకి జవాబు చెప్పే తీరులోనే మనిషి తెలిసిపోతాడు. మంచి అంటు కట్టే రైతు, తల్లి చెట్టు ఎక్కడుందో చెయ్యి చాపి చూపిస్తాడు. తన పెరట్లో ఉంటుంది, లేదా ఫలానా తోటలోంచి పుల్ల తెస్తానంటాడు. తల్లి చెట్టు చూపించలేని చోట మామిడి కొనకండి, ఎంత చవకైనా సరే.

చూసే పద్ధతి చెప్తాను. అంటు అతుకు చేత్తో తడిమి చూడండి. గట్టిగా, ఉబ్బెత్తుగా కలిసిపోయి ఉండాలి. ప్లాస్టిక్ పట్టీ ఇంకా ఉంటే విప్పించండి. టెంక మొక్కకే కాండం మీద ఒక గాటు పెట్టి పట్టీ చుట్టి అంటని అమ్మేవాళ్లు ఉన్నారు. పట్టీ విప్పితే అక్కడ అతుకు ఉండదు, ఒకే బెరడు కింద నుంచి పైదాకా వెళ్లిపోతుంది. అతుకు పైన కనీసం రెండు చిగుళ్లు వచ్చి ముదిరి ఉండాలి. వానాకాలంలో కట్టిన అంటుని అదే వానాకాలంలో అమ్మితే అది పచ్చి అంటు. మీ పొలంలో సగం ఎండిపోతుంది, పైది చచ్చి కింది మొక్క చిగురిస్తుంది, మీరేమో బతికిందని సంబరపడతారు. తర్వాత మొక్క ఉన్న ప్లాస్టిక్ కవరు. మొక్క రేటు కవరు సైజుని బట్టి ఉంటుంది కాబట్టి మోసమూ అక్కడే. 6×8 అంగుళాల కవరులో ఉన్నదాన్ని నిన్న రాత్రి 8×10లోకి మార్చి పెద్ద మొక్కగా చూపిస్తారు. మొదలు పట్టుకుని మెల్లిగా కదపండి. మట్టి ముద్ద మొక్కతో కదలకుండా పుల్ల ఒక్కటే ఊగితే అది కొత్తగా మార్చినది. కవరు అడుగున చిల్లుల్లోంచి తెల్లటి వేళ్లు కనిపించాలి. ఆ మట్టి దారిలో విరిగిపోయిందంటే వేరు తెగినట్టే.

ఏరుకున్న మొక్కలకి రంగు దారమో, పెయింటు చుక్కో పెట్టించండి. నవ్వుతారు, పరవాలేదు. ఎక్కించేటప్పుడు మీరు గానీ మీ మనిషి గానీ అక్కడే నిలబడాలి.

జీడికి ఇంకో మాట. అంట్లు అయితే మూడో ఏడు నుంచి కాపు మొదలవుతుంది. బీపీపీ-8 లాంటి రకం పేరు ఎవరైనా చెప్తారు, పేరు ఖరీదు లేనిది. 160 మొక్కలే కాబట్టి ముందు బాపట్లలోనో భువనేశ్వర్‌లోనో పరిశోధన కేంద్రం దగ్గర దొరుకుతాయేమో అడిగి చూడండి. అక్కడ లేకపోతేనే కడియం. అక్కడైనా బ్రోకరు చూపించినవి కాకుండా, అంటు కట్టే తోటకే నేరుగా వెళ్లండి.

ఇంత చెప్పాక బ్రోకరు ఎందుకు అనిపిస్తుంది. ఒక సంగతి చెప్తే అర్థమవుతుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి ఎలా పడిపోయాయో, గజపతి జిల్లా కొండల్లో ఎంత నష్టం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు, మీరు అక్కడివారే. ఆ తర్వాత అందరూ మొక్కలు అడిగేవాళ్లే, డబ్బు చేతిలో ఉన్నవాడు ఒక్కడూ లేడు. నాకు రావలసిన బాకీలన్నీ ఆ ఊళ్లలోనే ఇరుక్కున్నాయి. అప్పుడు కడియం నుంచి ఒక బ్రోకరు తనే ఫోన్ చేశాడు, ఇరవై ఏళ్లలో నేను నమ్మింది ఆయన్నే. "డబ్బులు సంక్రాంతి తర్వాత చూసుకుందాం అండి, లారీ పంపేస్తాను ఆయ్" అన్నాడు. పంపింది ఆయన మొక్కలు కాదు, పదిహేను మంది రైతులవి. వాళ్లకి నేనెవరో తెలియదు. ఆయన నోటి మాట మీద ఇచ్చారు. నేను నాలుగు నెలల్లో తీర్చాను. తీర్చకపోయి ఉంటే ఆయన తన పొలం అమ్మైనా ఇవ్వాలి, లేకపోతే ఆ ఊళ్లో తిరగలేడు. కమీషన్‌లో సగం ఆ పూచీకత్తుకే ఇస్తున్నాం మనం. కొత్తవాళ్లకి అది కనిపించదు, ఎందుకంటే కొత్తవాళ్లకి ఎవరూ అరువివ్వరు.

ఆయనే మొదట్లో నాతో, "మొక్కని చూసి డబ్బులివ్వండి, నన్ను చూసి ఇవ్వకండి" అనేవాడు. అలా అనే బ్రోకరు దొరికితే వదులుకోకండి.

బేరం ఎలా మాట్లాడాలంటే, మొదటే రేటు అడగొద్దు. "నా లారీ నింపి పెట్టండి, మీకు ఇంత శాతం అని బాహాటంగా ఇస్తాను, రైతు చెప్పిన రేటు రాసిన చీటీ నాకు కావాలి" అనండి. కొందరు ఒప్పుకోరు. ఒప్పుకున్నవాడితో పని చేయండి. శాతం మీద బేరమాడి మరీ పిండితే ఆయన ఆ డబ్బు మొక్క సైజులో రాబట్టుకుంటాడు, తేడా అంతే. టెండర్లలో జరిగేది అదే. మన కొండ ఊళ్లలో నాబార్డు వాళ్ల "వాడి" (చిన్న తోట అని అర్థం) పథకం కింద గిరిజన కుటుంబాలకి ఎకరం మామిడి, జీడి తోట వేయిస్తారు. మంచి పథకం. కానీ మొక్కల కొనుగోలు ఎక్కడైనా తక్కువ కోట్ చేసినవాడికే పోతే, ఆ తక్కువ ఎక్కడి నుంచి వస్తుంది? అంటులోంచే వస్తుంది. అలాంటి ఒక లోడు నా కళ్ల ముందే దిగింది. వందలో ఎన్ని టెంక మొక్కలో లెక్కపెట్టే ఓపిక నాకు లేకపోయింది.

ఇప్పుడు వాట్సాప్‌లో ఫోటోలు పంపి అమ్ముతున్నారు, యూపీఐలో అడ్వాన్సు అడుగుతున్నారు. ఫోటోలో మొక్క, లారీలో మొక్క ఒకటే అన్న భరోసా లేదు. నర్సరీ మొక్కలకి వీడియో కాల్ చాలు. సగం అడ్వాన్సు, సగం దిగాక ఇవ్వండి. మొత్తం ముందే అడిగేవాడిని పట్టించుకోకండి.

కాగితాల గురించి కూడా అడిగారు. మొక్కలకి జీఎస్టీ లేదు, అందుకని ఈ-వే బిల్లు కూడా అక్కర్లేదు. ఇచ్చాపురం దాటగానే ఒడిశా సరిహద్దులో గిరిసోల దగ్గర లారీ కాగితాలు, ఎత్తు, బరువు చూడొచ్చు, మీరైతే పాతపట్నం మీదుగా పోతారు కాబట్టి అదీ తప్పుతుంది. అయినా బిల్లు తీసుకోండి. ఆ బిల్లు మీద నర్సరీ రిజిస్ట్రేషన్ నంబరు, రకం పేరు, మొక్కల సంఖ్య ఉండాలి. తర్వాత ఎప్పుడైనా సబ్సిడీకి పెట్టుకుంటే మొదట అడిగేది అదే, గుర్తింపు ఉన్న నర్సరీ నుంచి కొన్నారా అని. బ్రోకరు తెల్ల కాగితం మీద రాసిచ్చేది అక్కడ చెల్లదు. పండ్ల మొక్కలు, బిల్లు ఇవ్వగలిగినవాళ్ల దగ్గరే, నేరుగా కొనమనడానికి ఇది ఇంకో కారణం.

ఎప్పుడు వెళ్లాలి అంటే, జూన్ చివర వానలు పడ్డాక అందరూ వెళ్తారు, అప్పుడు రేటూ మీది కాదు, మొక్కా మీది కాదు. మే నెలలో వెళ్లి చూసి, మార్కు పెట్టించి, అడ్వాన్సు ఇచ్చి రండి. వానలు కుదురుకున్నాక లారీ పెట్టండి. పలాసలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి రాజమండ్రిలో ఉంటారు, అక్కడి నుంచి కడియపులంకకి ఆటోలు దొరుకుతాయి. పొద్దున్నే వెళ్లండి. ఎండెక్కేసరికి రైతులు ఇళ్లకి పోతారు, హైవే పక్కన బోర్డులున్న వాళ్లే మిగుల్తారు.

640 కావాలంటే 700 తీసుకోండి, దారిలో కొన్ని, మొదటి ఎండాకాలం కొన్ని పోతాయి. ఎక్కించే ముందు రోజు సాయంత్రం నీళ్లు పెట్టించండి, ఎక్కించే రోజు వద్దు. తడి మట్టి బరువుకి కింద వరస నలుగుతుంది. చెక్కలతో అంతస్తులు కట్టించి, పైన టార్పాలిన్ వేసి, రాత్రి ప్రయాణం పెట్టండి. దిగాక వెంటనే గుంటలో పెట్టకండి. చెట్టు నీడలో నిలబెట్టి వారం, పది రోజులు నీళ్లు పోయండి. ఆ రోజుల్లో ఆకు రాల్చినవీ, అతుకు దగ్గర నల్లబడినవీ వేరే వరసలో పెట్టి ఫోటో తీసి పంపండి. మిగతా సగం డబ్బు అప్పుడు మాట్లాడుకోవచ్చు.